నొప్పి బిళ్ల మొక్కకు పనిచేస్తుందా? సాలిసిలిక్ యాసిడ్ గురించి రైతు తెలుసుకోవాల్సిన సంగతులు

పైన వీడియోలో నా చేతిలో రెండు వస్తువులు చూసే ఉంటారు. ఒకటి మా అమ్మ మోకాళ్లకు రాసుకునే నొప్పుల బామ్ డబ్బా. రెండోది నీళ్లలో వేస్తే కరిగిపోయే ఆస్పిరిన్ బిళ్లల అట్ట. వ్యవసాయం వీడియోలో ఇవెందుకు అని చాలామంది అడిగారు. వీడియోలో టైమ్ చాలక చెప్పలేకపోయిన విషయాలన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది, అది మీరు చేయకూడదనే ఈ రాత.

రెండేళ్ల కిందట నా అరెకరం టమాటాలో ఆకుముడత మొదలైంది. పైర్లో అక్కడక్కడ మొక్కలు కురచబారి, ఆకులు పైకి ముడుచుకుపోయాయి. అప్పుడే ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. "లీటరు నీళ్లకు రెండు ఆస్పిరిన్ బిళ్లలు వేసి కొట్టండి, వైరస్ పోతుంది, ఇది సహజమైన పద్ధతి" అని. పక్క పొలం బాబాయి కూడా "నేనూ విన్నానురా, చెట్టు బెరడు నుంచి వచ్చిన మందే కదా, ఏం కాదులే" అన్నాడు. నేనింకో అడుగు ముందుకేశాను. పదిహేను లీటర్ల ట్యాంకుకు ముప్పై బిళ్లలు చాలు కదా, నలభై వేశాను. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందన్న పాత రసాయన వ్యవసాయం బుద్ధి అది. మందులు మానేశాను గానీ ఆ బుద్ధి మాత్రం పోలేదు.

మూడో రోజుకి లేత ఆకుల అంచులు మాడాయి. ముడత మాత్రం అలాగే ఉంది.

అప్పటినుంచి ఈ సాలిసిలిక్ యాసిడ్ సంగతేంటో తెలుసుకోవాలని పట్టుబట్టాను. దొరికినవి చదివాను, తెలిసినవాళ్లను అడిగాను, మరుసటి పంటలో నా పొలంలోనే పరీక్ష చేసి చూశాను. తెలిసింది వరసగా చెప్తాను.

ఈ మందు ఎక్కడినుంచి వచ్చింది?

విల్లో అనే చెట్టు ఉంది. ఏటి గట్ల మీద, తేమ నేలల్లో పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ స్టోన్ అనే చర్చి ఫాదర్ ఒకాయన ఈ చెట్టు బెరడు నోట్లో వేసుకుంటే విపరీతమైన చేదుగా అనిపించింది. ఆ రోజుల్లో చలిజ్వరానికి సింకోనా బెరడు వాడేవారు, అదీ చేదే. ఆ పోలిక పట్టుకుని ఆయన విల్లో బెరడును రొట్టెల పొయ్యి దగ్గర మూడు నెలలకు పైగా ఎండబెట్టి, పొడి కొట్టి, జ్వరం ఉన్న సుమారు యాభై మందికి ఇచ్చి చూశాడు. చాలామందికి జ్వరం తగ్గింది. ఆ విషయం 1763లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరంగా రాశాడు.

1828లో మ్యూనిక్‌లో యోహాన్ బుక్నర్ అనే శాస్త్రవేత్త ఆ బెరడు నుంచి చేదు పదార్థాన్ని విడిగా తీసి సాలిసిన్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో విల్లో చెట్టు పేరు సాలిక్స్, ఆ మాట నుంచే ఈ పేరు. 1838లో ఇటలీ శాస్త్రవేత్త రఫాయెలె పిరియా సాలిసిన్ నుంచి సాలిసిలిక్ యాసిడ్ తయారుచేశాడు. అది నొప్పికి, జ్వరానికి, కీళ్లవాపుకి పనిచేసేది. కానీ కడుపులో మంట పెట్టేది, నోరు, గొంతు పుండయ్యేవి. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దానికి ఎసిటైల్ అనే భాగం జతచేసి, శుభ్రమైన రూపంలో కొత్త మందు తీశాడు. 1899లో దానికి ఆస్పిరిన్ అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక మాట గమనించండి. చెట్టులో ఉండేది సాలిసిన్. బిళ్లలో ఉండేది ఫ్యాక్టరీలో తయారైన ఆస్పిరిన్. మూలం చెట్టే, కానీ బిళ్ల చెట్టు కాదు. మా బాబాయి చెప్పిన "బెరడు మందే కదా" అన్న మాట సగమే నిజం.

మరి బామ్? అందులో ఉండేది ఈ కుటుంబంలోదే, మిథైల్ సాలిసిలేట్. వింటర్‌గ్రీన్ అనే చిన్న పొద ఆకుల నూనెలో ఇది దాదాపు మొత్తం ఉంటుంది. మన దేశంలోనూ దీని జాతి మొక్క ఒకటి నీలగిరి కొండల్లో, ఖాసీ కొండల్లో, హిమాలయాల్లో పెరుగుతుంది. ఆకు నలిపితే అచ్చం నొప్పుల మందు వాసనే. ఇప్పుడు బజార్లో దొరికే బామ్‌లలో ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైనదే వాడతారు. చర్మం మీద రాయగానే వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తుంది. ఆ చురుకు లోపలి నొప్పి నుంచి ధ్యాస మళ్లిస్తుంది. కొంత మందు చర్మం గుండా లోపలికి దిగి సాలిసిలిక్ యాసిడ్‌గా మారుతుంది.

ఒంట్లో ఇది ఎలా పనిచేస్తుందో 1971లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ వేన్ కనిపెట్టాడు. దెబ్బ తగిలినచోట మన ఒళ్లు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేస్తుంది. నొప్పి, వాపు, ఎరుపు, జ్వరం వీటివల్లే. ఆస్పిరిన్ ఆ తయారీని ఆపేస్తుంది. ఈ పరిశోధనకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొక్కకు దీంతో పనేంటి?

మన నొప్పి తగ్గించడానికి విల్లో చెట్టు ఈ పదార్థం తయారుచేయదు కదా. దానికి దాని అవసరం ఉంది. విల్లో ఒక్కటే కాదు. టమాటా, మిరప, పొగాకు, దోస, వరి, అన్నిట్లోనూ సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. ఎంత ఉంటుందనేదే తేడా.

1979లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో వైట్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్కలకు ఆస్పిరిన్ ఇచ్చి, తర్వాత మొజాయిక్ వైరస్ అంటించి చూశాడు. ఆస్పిరిన్ అందిన ఆకుల్లో వైరస్ మచ్చలు బాగా తగ్గాయి. ఫోన్లలో తిరిగే మెసేజ్‌కు తాతముత్తాత ఈ ప్రయోగమే. అయితే అక్కడ రెండు సంగతులున్నాయి. ఒకటి, ఆ పొగాకు రకానికి ఆ వైరస్‌ను తట్టుకునే గుణం ముందే ఉంది. రెండు, ఆస్పిరిన్ ఇచ్చింది వైరస్ అంటించడానికి ముందు. తర్వాత కాదు. మెసేజ్ రాసినవాళ్లు ఈ రెండూ వదిలేశారు.

1990లో ఇంకో మెట్టు ఎక్కారు. పొగాకులో, దోసలో తెగులు సోకినప్పుడు మొక్క తనంతట తనే సాలిసిలిక్ యాసిడ్‌ను పెంచుకుంటుందని రెండు పరిశోధక బృందాలు చూపించాయి. అంటే అది మొక్క సొంత ప్రమాద హెచ్చరిక. ఊరి చివర ఇంట్లో దొంగ పడితే ఊరంతా దండోరా వేసినట్టు. ఒక ఆకుకు తెగులు సోకితే అక్కడి కణాలు కొన్ని తామే చచ్చిపోయి తెగులును కదలనివ్వకుండా కట్టేస్తాయి. మిగతా ఆకులకు కబురు వెళ్తుంది. అవి రక్షణ ప్రొటీన్లు తయారుచేసుకుని సిద్ధంగా ఉంటాయి. 1993లో ఇంకో ప్రయోగం చేశారు. సాలిసిలిక్ యాసిడ్‌ను ఎప్పటికప్పుడు నాశనం చేసే జన్యువును పొగాకులో పెట్టారు. ఆ మొక్కలు ఈ రక్షణ శక్తిని పోగొట్టుకున్నాయి. దాంతో ఇది ఎంత ముఖ్యమో తేలిపోయింది.

ఒక సరదా విషయం చెప్తాను. కంద పువ్వు ఎప్పుడైనా చూశారా? కుళ్లిన మాంసం వాసన కొడుతుంది, ఈగలు ముసురుతాయి. కంద కుటుంబంలోదే వూడూ లిల్లీ అనే మొక్క. దాని పువ్వు పూసే రోజున చుట్టూ ఉన్న గాలికంటే పది డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆ వేడితో వాసన దూరం వ్యాపించి ఈగలు వస్తాయి, పరాగ సంపర్కం జరుగుతుంది. ఆ వేడిని పుట్టించే పదార్థం కోసం ఎన్నో ఏళ్లు వెతికారు. 1987లో తేలింది, అది సాలిసిలిక్ యాసిడ్. మన జ్వరం తగ్గించేదే ఆ పువ్వుకు జ్వరం తెప్పిస్తుందన్నమాట. ఒకే పదార్థం, చోటు మారితే పని మారుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

రెండు తాళాలు, ఒకటి తీస్తే ఇంకోటి బిగుసుకుంటుంది

నేను చదివినవాటిలో రైతుగా నాకు బాగా ఉపయోగపడిన పాఠం ఇదే.

మొక్కకు రక్షణ దారులు ప్రధానంగా రెండున్నాయి. ఒకటి సాలిసిలిక్ దారి. బతికున్న కణం మీద ఆధారపడి బతికే తెగుళ్లు, అంటే బూడిద తెగులు లాంటివి, చాలా వైరస్‌లు, వీటిమీద ఇది పనిచేస్తుంది. రెండోది జాస్మోనిక్ దారి. మల్లెపూల నూనెలో దొరికిన పదార్థం కాబట్టి ఆ పేరు. ఆకు కొరికే లద్దె పురుగు, కాయతొలిచే శనగపచ్చ పురుగు, కణాన్ని చంపి తినే తెగుళ్లు, వీటిమీద ఇది పనిచేస్తుంది. పురుగు ఆకు కొరకగానే ఈ దారి తెరుచుకుని, పురుగుకు అరగకుండా చేసే పదార్థాలు ఆకులో తయారవుతాయి.

చిక్కేమిటంటే, చాలా మొక్కల్లో ఈ రెండు దారులూ ఒకదాన్నొకటి అణచుకుంటాయి. సాలిసిలిక్ బాగా పెరిగితే జాస్మోనిక్ తగ్గుతుంది. టమాటా ఆకుల మీద 1988లోనే చేసిన ప్రయోగంలో, ఆస్పిరిన్ ఇస్తే గాయానికి స్పందించి తయారవ్వాల్సిన పురుగు వ్యతిరేక పదార్థం ఆగిపోయింది. అంటే ఆస్పిరిన్ కొట్టిన టమాటా, కాయతొలుచు పురుగు ముందు తలుపు తీసి నిలబడే ప్రమాదం ఉంది.

ఇంకా విచిత్రం వినండి. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ కదా. 2007లో అమెరికా శాస్త్రవేత్తలు ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న ప్రయోగశాల మొక్క మీద తెల్లదోమ పిల్లలను వదిలి చూశారు. ఆ పిల్లలు రసం పీలుస్తూ మొక్కలో సాలిసిలిక్ దారినే తెరిపించాయి. దాంతో తమకు నిజంగా హాని చేయగల జాస్మోనిక్ దారి మూతపడింది. అంటే దొంగ మన చేతనే తప్పు తాళం వేయించుకుంటున్నాడు. అలాంటి దోమ ఉన్న పైరు మీద నేను నలభై బిళ్లలు కరిగించి కొట్టాను. దొంగకు నిచ్చెన పట్టుకున్నట్టయింది.

అన్ని పంటల్లో ఒకేలా ఉండదన్నది కూడా తెలుసుకోవాలి. వరి ఆకుల్లో సాలిసిలిక్ యాసిడ్ మామూలుగానే చాలా ఎక్కువ ఉంటుంది. తెగులు సోకినా పొగాకులో లాగా అమాంతం పెరగదు. పొగాకులో పనిచేసింది కాబట్టి వరిలో పనిచేస్తుందని చెప్పడానికి లేదు.

మోతాదు లెక్క

పరిశోధనల్లో మొక్కల మీద సాధారణంగా వాడేది లీటరుకు సుమారు 0.14 గ్రాముల సాలిసిలిక్ యాసిడ్, లేదా అంతకంటే తక్కువ. ఆస్పిరిన్ లెక్కలో అది లీటరుకు 0.18 గ్రాములు. నేను వేసింది చూడండి. ఒక్కో బిళ్లలో 350 మిల్లీగ్రాములు. నలభై బిళ్లలంటే 14 గ్రాములు. పదిహేను లీటర్లకు భాగిస్తే లీటరుకు 0.93 గ్రాములు. అంటే ఐదు రెట్లు. ఆకు మాడిందంటే మాడదా మరి. పేరులోనే యాసిడ్ ఉంది. కాలి ఆనెకాయల మీద చర్మాన్ని మెత్తబరిచి ఊడదీయడానికి రాసే మందులో ఉండేది ఇదే సాలిసిలిక్ యాసిడ్. మన ఆనెకాయనే ఊడదీసేది లేత ఆకును వదులుతుందా?

ఇంకో మాట. బిళ్లలో ఆస్పిరిన్ ఒక్కటే ఉండదు, కరగడానికి, అతుక్కోవడానికి ఇంకేవో కలుపుతారు. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న రైతులైతే ఇలాంటివి కొట్టే ముందు తమ సర్టిఫికేషన్ వాళ్లను తప్పనిసరిగా అడగాలి. మందుల షాపులో దొరికేది ఏదైనా మన పొలంలో "సహజం" అయిపోదు.

నా పొలంలో పరీక్ష

మరుసటి పంటలో ఊరికే నమ్మకుండా, ఊరికే కొట్టిపారేయకుండా పరీక్ష పెట్టాను. మీరు ఏ కషాయం కొత్తగా విన్నా ఇదే పద్ధతి పాటించండి. ఇది ఆస్పిరిన్‌కే కాదు, నేను చెప్పే కషాయాలకు కూడా వర్తిస్తుంది.

1. పొలం మొత్తం కొట్టొద్దు. నాలుగు వరుసలు కొట్టి, నాలుగు వరుసలు వదిలేయాలి. మళ్లీ నాలుగు కొట్టి, నాలుగు వదలాలి. ఒకే పక్క అంతా కొడితే, ఆ పక్క నేల మంచిదైనా మందే మంచిదనుకుంటాం.

2. వదిలేసిన వరుసలకు వట్టి నీళ్లు కొట్టాలి. ఎందుకంటే నీళ్లు కొట్టినా కొన్ని దోమలు, పేనుబంక రాలిపోతాయి.

3. మోతాదు కొలిచి వేయాలి. చారెడు, గుప్పెడు లెక్క పనికిరాదు.

4. ప్రతి ముక్కలో ఇరవై మొక్కలకు గుడ్డ పీలికలు కట్టి, వారానికోసారి అవే మొక్కలు చూడాలి. ముడత వచ్చిన మొక్కలెన్ని, పుచ్చు కాయలెన్ని అని నోటుబుక్కులో రాసుకోవాలి.

5. లెక్క చూసేవాళ్లకు ఏ వరుసకు ఏం కొట్టామో చెప్పొద్దు. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయి చేసింది. నేను చూస్తే కొట్టిన వరుసలే పచ్చగా కనిపిస్తాయి, మనసు అలాంటిది.

ఈసారి సరైన మోతాదులోనే, నాటిన వారానికి ఒకసారి, మళ్లీ పదిహేను రోజులకు ఒకసారి కొట్టాను. ఆకులు మాడలేదు. ముడత మాత్రం రెండు రకాల వరుసల్లోనూ ఒక మొక్క అటూ ఇటూ, అంతే. నా పొలంలో, నా టమాటా రకంలో, నా సీజన్‌లో ఆస్పిరిన్ ఆకుముడతను ఆపలేదు. ఒకసారి వైరస్ సోకిన మొక్కను ఏ పిచికారీ బాగుచేయదు అన్నది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. మొక్క రక్షణ దారి ముందు మేల్కొంటేనే ఉపయోగం. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు కాకూడదు.

వాసన పిలుపు: ఇది మాత్రం మనకు పనికొచ్చేది

అలాగని ఈ పదార్థం రైతుకు పనికిరాదని కాదు. బామ్ వాసన ఉంది చూశారా, మిథైల్ సాలిసిలేట్, దాంట్లో అసలు రహస్యం ఉంది.

సాలిసిలిక్ యాసిడ్ ఆవిరై గాల్లోకి వెళ్లదు. మొక్క దాన్ని మిథైల్ సాలిసిలేట్‌గా మారిస్తే గాల్లోకి వెళ్తుంది. వైరస్ సోకిన పొగాకు మొక్క ఇలా వదిలిన ఆవిరిని పక్క మొక్క పీల్చుకుని, మళ్లీ సాలిసిలిక్ యాసిడ్‌గా మార్చుకుని, తానూ సిద్ధపడుతుందని 1997లో ప్రయోగశాలలో చూపించారు.

ఇంకో ప్రయోగం. చిక్కుడు జాతి మొక్క మీద ఎర్రనల్లి పడితే ఆ మొక్క కొన్ని వాసనలు వదులుతుంది. వాటిలో మిథైల్ సాలిసిలేట్ ఒకటి. ఆ వాసన పట్టుకుని, నల్లిని తినే ఇంకో రకం నల్లి వెతుక్కుంటూ వస్తుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీన్ని బాగా పరిశీలించారు. 2003లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో డేవిడ్ జేమ్స్ అనే పురుగుల శాస్త్రవేత్త హాప్స్ తోటల్లో ఈ వాసన పెట్టిన అట్టలు వేలాడదీశాడు. వాసన లేని అట్టలకంటే వీటికి అల్లిక రెక్కల పురుగులు ఎక్కువ వచ్చాయి. వాటి పిల్లలు పేనుబంకను, తెల్లదోమ పిల్లలను, తామర పురుగులను తింటాయని మీకు తెలుసు. ఆ తర్వాత కొన్ని దేశాల్లో ఈ వాసన మెల్లగా విడుదలయ్యే సంచులు అమ్మకానికి కూడా వచ్చాయి.

అంటే నొప్పి పుట్టిన మొక్క అరుస్తుంది. ఆ అరుపు మనకు వినబడదు, మిత్ర పురుగులకు వినబడుతుంది. ఆ మిత్రులను మనం ముందే విషం కొట్టి చంపేస్తే, ఎంత అరిచినా వచ్చేవాళ్లుండరు.

అయితే బామ్ తెచ్చి పొలంలో పూయకండి. దాంట్లో కర్పూరం, మెంథాల్ అన్నీ కలిసి ఉంటాయి. ఇంకో ఇబ్బంది, వాసన చూసి వచ్చిన మిత్ర పురుగుకు తిండి లేకపోతే అది వెళ్లిపోతుంది. చుట్టాన్ని పిలిచి అన్నం పెట్టకపోతే ఇంకోసారి వస్తాడా? అందుకే నేను వాసన కొనడం కంటే తిండి పెట్టడం మీదే దృష్టి పెట్టాను.

ఇప్పుడు నా టమాటాలో చేస్తున్నవి ఇవి:

• నారుమడి మీద దోమ దూరని సన్నటి నైలాన్ వల. ఆకుముడతకు నా అనుభవంలో అన్నిటికంటే మేలు చేసింది ఇదే. లేత వయసులో సోకితేనే నష్టం ఎక్కువ.

• పొలం చుట్టూ మూడు వరుసలు జొన్న, నాటడానికి ముందే ఎత్తు పెరిగేలా.

• గట్ల మీద ధనియాలు, ఆవాలు, అలసంద. ధనియాల పూత మీద అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు కనిపిస్తాయి. మధ్యమధ్యలో బంతి, కాయతొలుచు పురుగుకు ఎరగా.

• పసుపు జిగురు అట్టలు. వీటిని దోమ ఎంత ఉందో చూసుకోవడానికే ఎక్కువ వాడతాను.

• మొదటి నెలలో ముడత మొక్క కనిపిస్తే జాలిపడకుండా పీకి, సంచిలో వేసి బయటికి తీసుకెళ్లడం.

• దోమ బాగా కనిపించినప్పుడే వేపగింజల కషాయం, అదీ సాయంత్రం పూట.

నేల గురించి కూడా ఒక మాట. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లు వేరు దగ్గరుండే ఒక సూడోమోనాస్ బ్యాక్టీరియా, సాలిసిలిక్ యాసిడ్ అవసరం లేకుండానే ఇంకో దారిలో మొక్కను అప్రమత్తం చేస్తుందని చూపించారు. ఆ మొక్క అనవసరంగా శక్తి ఖర్చుపెట్టదు. శత్రువు వచ్చినప్పుడు మాత్రం వేగంగా స్పందిస్తుంది. సిపాయి ఇరవై నాలుగు గంటలూ కత్తి తిప్పుతూ ఉండడు, ఒరలో చెయ్యి పెట్టుకుని ఉంటాడు. నేలలో సేంద్రియం ఉంచి, కప్పు వేసి, వేరు చుట్టూ జీవం బతికేలా చూసుకోమని మనం ఊరికే చెప్పుకోవడం లేదు.

ఇంకో విషయం. మొక్క సాలిసిలిక్ యాసిడ్ తయారుచేసుకునే దారికి మొదలు షికిమేట్ దారి. కలుపు మందు గ్లైఫోసేట్ సరిగ్గా ఆ దారినే కట్టేస్తుంది. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి మన పైరు మీద పడితే, చావకపోయినా మొక్క రక్షణ దెబ్బతినే వీలుంది. గాలి రోజున కొట్టొద్దని పక్కవాళ్లతో మంచిగానే మాట్లాడుకోండి.

ఇంట్లో జాగ్రత్తలు: ఇది మాత్రం తప్పక చదవండి

ఇక మా అమ్మ సంగతి. ఆమెకు గుండె కవాటం ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డకట్టకుండా రోజూ బిళ్ల వాడుతోంది. నాట్లు, కలుపుల్లో ఏళ్ల తరబడి వంగి వంగి మోకాళ్లు అరిగిపోయాయి. అందుకని రోజుకు మూడు నాలుగుసార్లు బామ్ పట్టించి, పైన గుడ్డ చుట్టి పడుకునేది. ఒకరోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. చేతుల మీద నల్లటి కమురు మచ్చలు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు వాడే బిళ్లలన్నీ అడిగారు. అన్నీ చెప్పాం. చివరికి "ఒంటికి ఏమైనా రాసుకుంటారా అమ్మా?" అని అడిగారు. అమ్మ నవ్వుతూ "అదేమన్నా మందా అయ్యా, ఉత్త బామే కదా" అంది.

అదే మందు. చర్మం గుండా దిగిన సాలిసిలేట్, రక్తం పలచబరిచే బిళ్లతో కలిసి రక్తాన్ని మరీ పలచబరిచింది. సకాలంలో చూపించాం కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆమె వేడినీళ్ల కాపడం, డాక్టరు చెప్పిన వ్యాయామంతో నెట్టుకొస్తోంది. నొప్పి పూర్తిగా పోలేదు. నాకు మాత్రం ఆ రోజు నా నలభై బిళ్లల ట్యాంకు గుర్తొచ్చింది. ఇద్దరం ఒకే మాట నమ్మి పొరపాటు చేశాం, "ఏం కాదులే" అని.

ఈ నాలుగూ గోడమీద రాసిపెట్టుకున్నా తప్పులేదు:

• డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఆస్పిరిన్ వేసుకోకూడదు. రక్తస్రావం పెరుగుతుంది. వానాకాలం పొలం పనుల్లో వచ్చే జ్వరం ఏ జ్వరమో మనకు తెలియదు, కాబట్టి డాక్టరును అడక్కుండా ఆ బిళ్ల ముట్టుకోవద్దు.

• పిల్లలకు, టీనేజీ వాళ్లకు జ్వరమొస్తే ఆస్పిరిన్ ఇవ్వకూడదు. రేయ్ సిండ్రోమ్ అనే, మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

• వింటర్‌గ్రీన్ నూనె పిల్లలకు అందకుండా పెట్టండి. ఒక్క చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల చిక్కటి నూనె, 350 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్లలు ఇరవై మింగినదాంతో సమానం. వాసన చాక్లెట్‌లా తియ్యగా ఉంటుంది, పిల్లలు తాగేస్తారు. అలా జరిగితే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

• బామ్ రాసి గట్టిగా కట్టు కట్టడం, పైన వేడి కాపడం పెట్టడం, పుండు మీద రాయడం చేయొద్దు. మందు ఎక్కువగా లోపలికి దిగుతుంది, చర్మం కాలుతుంది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

చివరి మాట

చెట్టులో పుట్టింది కాబట్టి మంచిదని, ఫ్యాక్టరీలో పుట్టింది కాబట్టి చెడ్డదని లెక్క వేయకండి. ఉమ్మెత్త కూడా చెట్టే. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్న మూడు ప్రశ్నలు అడగండి. మొక్కకైనా, మనిషికైనా అవే ప్రశ్నలు. సాలిసిలిక్ యాసిడ్ మొక్క తన కోసం, తనకు కావలసినప్పుడు, కావలసినంత తయారుచేసుకుంటుంది. ఆ శక్తిని చెడగొట్టకుండా చూసుకోవడమే మన పని.

ఈసారి పంటలో నేను పొలం మొత్తం ఏదీ కొట్టలేదు, కొత్తది ఏదొచ్చినా నాలుగు వరుసల్లోనే. మా బాబాయి మొన్న వచ్చి, "ఏరా, ఈ వరుసలకు గుడ్డ పీలికలేంటి?" అని అడిగాడు. చెప్పాను. మరుసటి రోజు ఆయన మిరప చేలో కూడా పాత చీర పీలికలు కనిపించాయి. నాకు అది చాలు.

మీరూ నాలుగు వరుసలు వదిలి చూడండి. ఏం తేలిందో నిజం రాసిపెట్టుకోండి, తోటి రైతులకు చెప్పండి. వచ్చే వీడియోలో నారుమడి వల తక్కువ ఖర్చుతో ఎలా కట్టుకోవాలో చూపిస్తాను.